బెల్లం జావ

పటమట, విజయవాడ,
12-8-1975, మంగళవారం.

ప్రభువునందు ప్రియమైన సహోదరి శౌరమ్మ గారికి,

సొలొమోను నిండు మనసుతో చేయు వందనములు. ఇక్కడ మీ అమ్మ అమలమ్మ గారు క్షేమం. మోకాళ్ల నొప్పులున్నా ప్రార్థన పాకలో అందరికన్నా ముందు చాప పరిచేది ఆవిడే. గన్నవరంలో మీరూ, మీ డాక్టరమ్మ గారూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం శనివారం అందింది. నెలాఖరుకి నర్సు పని మానేస్తున్నానని రాశారు. దైవసేవకుడి భార్య మందుల మధ్య తిరిగితే సంఘానికి మంచి సాక్ష్యం కాదని మన కాపరి పెద్దయ్యగారు అన్నారనీ, మీరు సరేనన్నారనీ చదివి నా గుండెల్లో రాయి పడింది. దయచేసి తొందరపడకండి. ఆదివారం దాటేదాకా డాక్టరమ్మ గారితో ఏమీ అనకండి. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం. ఇప్పటికి రెండు ఇన్‌లాండ్ కవర్లు చించేశాను. మూడోదానికి వెళితే పోస్టాఫీసు గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

పెళ్లికి ముందు నా సంగతి మొత్తం తెలియాలన్నారు కదా, రాస్తున్నాను. నేను పుట్టింది కొల్లేటి లంకలో. అప్పటి పేరు కాశీరావు. నాన్న గంగరాజు వల వేసేవాడు, అమ్మ పేరమ్మ గంప నెత్తిన పెట్టుకుని కైకలూరు సంతకు పోయేది. నాకు పదహారేళ్లప్పుడు నాన్న పోయాడు. బెజవాడ వచ్చి చేపల మార్కెట్‌లో ఐసు కొట్టాను, తర్వాత బేరాలకు కూర్చున్నాను. నోరు అప్పుడే పెద్దది. నిన్నటి చేపను కూడా ఇప్పుడే నీళ్లలోంచి తీశామని నమ్మించేవాణ్ణి. నేను ప్రసంగీకుణ్ణయ్యానని తెలిసి మార్కెట్ వాళ్లు పగలబడి నవ్వారట. అప్పుడు కోపం వచ్చింది. ఈ మధ్య మాత్రం ఆ నవ్వే గుర్తొస్తోంది.

తర్వాతి కథ మీకు నాకన్నా బాగా తెలుసు. రెండేళ్ల కిందట టైఫాయిడ్‌తో మార్కెట్ అరుగు మీద పడి ఉంటే మీ అమ్మగారు రిక్షాలో వేసి పాకకు తెచ్చారు. మన సంఘం కట్టుబాటు ప్రకారం మందు లేదు, ప్రార్థనే. పెద్దయ్యగారు నూనె రాసి తల మీద చేతులుంచారు. మీరు అప్పుడే నర్సు ట్రైనింగ్ ముగించి ఇంటి దగ్గర ఉన్నారు. పూటపూటకీ రాగి జావ తెచ్చేవారు. అందులో ఎంత బెల్లమో! జ్వరం వాడికి ఇంత బెల్లమేమిటే, చీమలు పడతాయని మీ అమ్మగారు కేకలేసేవారు. మీరు తలెత్తకుండా గ్లాసు నా చేతికిచ్చి, అడుగుదాకా తాగమని చెప్పి, తాగేదాకా కదిలేవారు కాదు. పన్నెండో రోజున లేచి కూర్చున్నాను. నెల తిరిగేసరికి బందరు కాలవలో బాప్తిస్మం. కాశీరావు మునిగాడు, సొలొమోను లేచాడు. మా అమ్మ ఆనాటి నుంచీ నాతో మాట్లాడటం లేదు.

నా సాక్ష్యం వినడానికి కొండపల్లి నుంచి కూడా జనం వచ్చారు. ఒక్క మాత్ర మింగకుండా లేచానని చెప్పినప్పుడల్లా పాక దద్దరిల్లేలా స్తోత్రం చెప్పేవారు. మీరు మాత్రం సరిగ్గా ఆ మాట దగ్గరే ఆడవాళ్ల చాప మీద నుంచి లేచి మంచినీళ్లకు వెళ్లేవారు. ఒకసారి కాదు, ప్రతిసారీ. నేను చూస్తూనే ఉన్నాను.

మన సంఘంలో పెళ్లి కాని ఆడపిల్ల, మగపిల్లవాడు మాట్లాడుకోకూడదు గనక మన మధ్య నడిచిందల్లా ఆ జావ గ్లాసే. పెళ్లి విషయం మూడు రోజులు ఉపవాసముండి ప్రభువును అడగమని పెద్దయ్యగారు నాతో అన్నారు. మూడో రోజున నా మనసులో వినిపించింది మీ పేరు, కళ్లముందు కనిపించింది మీ జావ. ఇది ప్రభువు మాటో ఆకలి మాటో తేల్చుకోలేక ఇంకో రోజు ఉపవాసం ఉన్నాను. అప్పుడూ మీ పేరే. పెద్దయ్యగారికి మీ పేరే చెప్పాను గాని ఈ జావ సంగతి చెప్పలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టం వల్లే ఇప్పుడు ఇంత భయం.

అసలు దిగులు రాస్తాను. పెడన నుంచి పాండురంగయ్య గారనే నేతపనివారు, భార్య వెంకటరావమ్మ గారితో వచ్చి మన పాక పక్కనే అద్దెకు దిగారు. ఆయనకు క్షయ. వరసగా సూది మందు వేయించుకుంటున్న మనిషి. జూన్‌లో నా సాక్ష్యం విన్నారు, మిగిలిన మందు సీసాలన్నీ తీసుకెళ్లి కాలవలో పారేశారు. ఎంత విశ్వాసమో చూడండని నేను ఆ సంగతి కూడా ప్రసంగంలో చెప్పుకున్నాను, సిగ్గులేకుండా. మొన్న శుక్రవారం ప్రార్థనలో దగ్గి దగ్గి తువ్వాలు ఎర్రగా చేసుకున్నారు. ఆయన విశ్వాసం తగ్గిందని ఎవరైనా అనుకుంటారేమోనని వెంకటరావమ్మ గారు ఆ తువ్వాలు మడిచి కొంగు కింద దాచుకున్నారు. అది చూసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

నిన్న వాళ్లింటికి వెళ్లి, ఆసుపత్రికి పదండి, నేనే తీసుకెళతానన్నాను. ఆయన నా చేయి పట్టుకుని, మీరేం మందు మింగి లేచారండీ అయ్యగారూ, మీకు అక్కర్లేని మందు నాకెందుకండీ అని నవ్వారు. ఆ చేయి పుల్లలా ఉంది. చేపల మార్కెట్‌లో ఏనాడూ మూతపడని నా నోటితో మళ్లీ వస్తానని మాత్రం అన్నాను. వచ్చేశాను.

అందుకే మీరు పని మానకండి. ఆదివారం ఆరాధనలో ఒక సంగతి చెప్పబోతున్నాను. విన్నాక పెద్దయ్యగారు నన్ను మళ్లీ ప్రసంగానికి నిలబడనిస్తారో లేదో, మన పెళ్లి ఉంటుందో లేదో తెలియదు. మీరే వద్దనవచ్చు. అయినా పాండురంగయ్య గారు బతికి ఉండగానే చెప్పాలి. ఆ సంగతి ముందు మీకు రాయాలనే కూర్చున్నాను. కాగితం అయిపోతోంది గాని చేయి రావడం లేదు. నా కోసం ప్రార్థన చేయండి.

ఇట్లు,
ప్రభువు సేవలో మీ సహోదరుడు,
సొలొమోను.

తా.క.: అంటించబోయి మళ్లీ విప్పాను. ఈ మడత మీద కొంచెం చోటుంది. శౌరమ్మా, జావ చేదుగా ఉండేది. అంత బెల్లం వేసినా చేదుగానే ఉండేది. రెండో రోజునే గ్లాసు అడుగున కాప్స్యూల్ డొల్ల ఒకటి నా నాలుకకు తగిలింది. చావంటే భయమేసింది. ఉమ్మేయకుండా మింగాను, ఆ తర్వాత ప్రతి పూటా తెలిసే తాగాను. చెప్పకుండా మందు కలిపి నన్ను మోసం చేశానని రెండేళ్లుగా నువ్వు కుమిలిపోతున్నావు. మోసం చేసింది నేను, నిన్నూ, పాకలో అందరినీ. ఆదివారం నీ పేరు ఎత్తను. తెలిసి తాగానని మాత్రం చెబుతాను. వచ్చి కూర్చో. ఈసారి ఆ మాట దగ్గర నీళ్లకు లేవకు.