పదమూడో ఎక్కం

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పాత కంప్యూటర్‌ను టీవీకి తగిలించాను. ఫ్లాపీ డ్రైవు గరగరమందే తప్ప నీ ఫ్లాపీని చదవలేదు. స్పిరిట్‌తో డ్రైవులో ఫ్లాపీని చదివే హెడ్డు తుడిచాను. వేరే డ్రైవు తెప్పించి పెట్టాను. అయినా అంతే.

చివరికి జనగామలో టీవీలు బాగుచేసే యాదగిరి నీ డ్రైవునే విప్పి చూశాడు.

"సాగిన బెల్టు మార్చినక్కా. హెడ్డు గూడ జర పక్కకు జరిగున్నది, కని దాన్ని ముట్టలే. గీ డ్రైవు వంకరగ రాసిన ఫ్లాపీని గీ డ్రైవొక్కటే చదువుతది. సక్కగ జేస్తే ఇగ చదవదు."

"గట్లనే ఉండనియ్యి," అన్నాను.

సాయంత్రం తెరమీద నువ్వు నాకోసం తయారుచేసిన ఎక్కాల ఆట వచ్చింది. పదమూడు ఏడులు ఎంతని అడిగింది. చిన్నప్పుడు ఎప్పుడూ అక్కడే తప్పేదాన్ని. ఇప్పుడు బడిలో లెక్కలు చెప్పేదాన్ని, నాకు తెలియదా? అయినా ఎనభై ఒకటి అని కొట్టాను.

ఇంగ్లీషు అక్షరాల్లో నీ మాట వచ్చింది: "మల్ల ఆలోచించు చెల్లె. జల్దేం లేదు, నేనీడనే కూసున్న."

మళ్ళీ తప్పే కొట్టాను.