మా పేట ట్యాంకు

మండలాఫీసు దేవేంద్రప్ప సారుకు, మహాదేవమ్మ దండాలతో రాసేది.

మా ఎస్సీ పేటలో నీళ్ల ట్యాంకు లేదు. ఆడోళ్లం పై వీధోళ్ల చేలో బోరు కాడికి పోయి, వాళ్లు మోటరు ఏసేదాకా కూచుంటాండాం. మా పేటల కోసం సర్కారు విడిగా తీసిపెట్టే సబ్‌ప్లాన్ దుడ్లతో ఒక ట్యాంకు కట్టించండి.

ఇట్లు,
మహాదేవమ్మ

తా.క.: పోయినసారి అర్జీ తీసుకున్న సారు రిటైరైనాడు. మీకింకా ఎన్నేండ్ల సర్వీసుండాది?

*

శ్రీమతి మహాదేవమ్మ గారికి,

రికార్డులు చూశాం. సబ్‌ప్లాన్ కింద మీ పేటకు ట్యాంకు కట్టి రెండేళ్లయింది. కావున మరొకటి మంజూరు కాదు. ఉన్నదాన్ని వాడుకోగలరు.

భవదీయుడు,
దేవేంద్రప్ప, సూపరింటెండెంట్

తా.క.: ట్యాంకు పెద్దది. సరిగా చూస్తే కనిపిస్తుంది.

*

దేవేంద్రప్ప సారుకు,

మీ మాట నిజమే సారూ. సరిగా చూసినాం, దొరికింది. పై వీధిలో, మాజీ సర్పంచి హర్షవర్ధన్ ఇంటి ముందర ఉండాది. వాడుకోమన్నారు గదా, అరవై బిందెలతో పోయినాం. "ఏమమ్మా, యాడికొచ్చినారు?" అన్నాడు. "మా ట్యాంకు కాడికప్పా" అని మీ ఉత్తరం చదివి వినిపించినా. ఉత్తరం తీసుకొని రెండుసార్లు చదువుకున్నాడు. పొద్దున మా వంతు, పది దాటినాక వాళ్ల వంతు అని పెట్టినాం. పాపం, వాళ్లకూ దప్పికైతాది గదా.

సంతోషంతో,
మహాదేవమ్మ

తా.క.: మా పేట పేరు మీద ఇంకా ఏమేమి కట్టినారో జాబితా పంపండి, ఎతుక్కుంటాం. దీన్నే సమాచార హక్కు అర్జీ అనుకోండి.

*

శ్రీమతి మహాదేవమ్మ గారికి,

నా ఉత్తరం ఎవరికీ చదివి వినిపించవద్దని మనవి. హర్షవర్ధన్ గారు రోజూ వచ్చి నా ఎదుట కూర్చుంటున్నారు. మీ పేటలోనే కొత్త ట్యాంకు పని సోమవారం మొదలవుతుంది. బిందెలు వెనక్కి తీసుకోగలరు.

మీ,
దేవేంద్రప్ప

తా.క.: చట్టం ప్రకారం జాబితా జతచేశాను. నేను చదవలేదు. మీరూ చదవనక్కర్లేదు.

*

దేవేంద్రప్ప సారుకు,

ట్యాంకు నిండింది. కొళాయి తిప్పి పేటంతా తడిసినాం. తల తుడుచుకోకుండానే రాస్తాండా. నీళ్లు లేని పేటకు పిల్లనియ్యం అన్నోళ్లు, కొళాయి చూసి నా కొడుకు రంగన్నకు పిల్లనిస్తామన్నారు. వచ్చే గురువారం పెండ్లి. మీ ఆఫీసోళ్లందరూ ఉండాల. మీకు దూరం గూడా కాదు.

మీ మేలు కోరే,
మహాదేవమ్మ

తా.క.: జాబితాలో రెండోది మా పేట కమ్యూనిటీ హాలు. శానా ఎతికినాం సారూ. మీ ఆఫీసులోనే, బీరువా ఎనక గోడకు ప్రారంభోత్సవం రాయి ఉండాది, మా పేట హాలని చెక్కి. బుధవారానికి బీరువాలు బయట పెట్టుకోండి. మీ కుర్చీ మాత్రం ఉండనీండి, పెండ్లికొడుకును కూచోబెడతాం.