మాత్రకు ముందు

12 జూన్ 2019
నల్లగొండ దవాఖానకు పోయి వచ్చాం. మర్రిగూడ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మా ఆయన నడుమును మడతపెట్టిన గొంగడి చేసింది. మామూలు గోలీలు ఇక పనిచేయవని డాక్టరమ్మ గట్టి గోలీ రాసింది. రాసే ముందు గురక పెడతారా, నిద్రగోలీలు వాడతారా, మద్యం అలవాటుందా అని అడిగింది. గురకకు నేనే జవాబిచ్చాను, నలభై ఏండ్ల సాక్షిని. మిగతా రెంటికి ఈయన అడ్డంగా తల ఊపాడు. అబద్ధం కాదు. మా ఊళ్లో కల్లును ఎవరూ మద్యంలో కలపరు. ముప్పై ఏండ్లు సైన్స్ చెప్పిన నాకూ తట్టలేదు.

సాయంత్రం 6
గోలీ ఇవ్వబోతే ఈయన చేతిలో సీసా. అప్పుడు వెలిగింది. గోలీ వెనక్కి తీసుకున్నాను.
“కల్లు మందెట్లయితదే? చెట్టు పాలది.”
“నీ సీసల చెట్టెంత, నిద్రపౌడరెంత?”
మా దగ్గర కల్లులో నిద్రమందు కలిపి అమ్ముతారని ఊరందరికీ తెలుసు. సీసా ఖాళీ అయింది.

13 జూన్
గోలీలు బీరువాలో, తాళంచెవి నా కొంగున. పక్కింటి బక్కమ్మ మోకాలు పట్టుకొని వచ్చి ఒక్క గోలీ ఇమ్మంది. నీ మోకాలికి రాసింది కాదన్నాను. పిసినారి పంతులమ్మ అని వాడకట్టంతా చెప్పిందట. చెప్పనీ.
ఈయన నొప్పికి పండ్లు కొరుకుతున్నాడు. కల్లు మానితేనే గోలీ అన్నాను. మానుతానన్నాడు.

15 జూన్
కల్లు మాని రెండు రోజులు. ఈయన చేతులు వణుకుతున్నాయి. గోడ మీద గొర్లు మేస్తున్నాయట, తోలమంటున్నాడు. మా మంద అమ్మి ఆరేండ్లయింది.
కోడలు శోభ ఆటో పిలిచింది.

16 జూన్
డాక్టరమ్మకు అంతా చెప్పాను, సీసాతో సహా. ఆ కల్లు మీద ఈ గోలీ పడితే నిద్రలోనే ఊపిరి ఆగేదట. కల్లు ఒక్కసారిగా మాన్పించడమూ అంతే ప్రమాదమట, ఫిట్స్ వస్తాయట. అడ్మిట్ చేసుకొని మెల్లమెల్లగా మాన్పిస్తుందట. అందాకా గట్టి గోలీ వద్దంది. రెండు తప్పులూ మా ఇంట్లోనే, ఒకటి ఆయనది, ఒకటి నాది. లెక్క సరి.
శోభ ముందు పరువు తీశానని ఈయన నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే పాయె. పరువు లేనివాడు బతుకుతాడు.

9 జూలై
ఇంటికి వచ్చాం. కల్లు అమ్మే సైకిల్ గేటు ముందు బెల్లు కొట్టింది. నేను బయటికి వెళ్లి నిలబడ్డాను. సైకిల్ పోయింది.
గట్టి గోలీకి డాక్టరమ్మ ఇప్పుడు సరే అంది. చిన్న మోతాదు, నా చేతి మీదుగానే.

11 జూలై, మధ్యాహ్నం 3
నొప్పి తగ్గి పడుకున్నాడు. గురక. ఇన్నేండ్లూ దిండు చెవికి అడ్డం పెట్టుకున్నాను.
ఇవాళ ఊపిరి వినబడేలా కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.