రెల్లు ముడి కింద ఉచ్చు

అశ్వారావుపేటల పామాయిల్ తోట ట్రాక్టర్ నడిపే తమ్ముడు లచ్చిరాంకు అక్క బాలి చెప్పి రాయిస్తున్నది ఏమంటే, ఈడ మేమందరం మంచిగనే ఉన్నం, మేకలు గూడ మంచిగనే ఉన్నయ్. నువ్వు బాగున్నవా అని మాత్రం అడగ. నా ఫోన్ కట్ చేసేటంత బాగున్నవని తెల్సింది. అందుకే ఈ కాగితం.

పోయిన చీటీల అడిగినవాటికి ముందు జవాబు చెప్త. మోకాలు అట్లనే ఉంది. దవాఖానాల గోలీలిచ్చిండ్రు, మింగితే నిద్రొస్తది గాని మోకాలు నడవదు. నీ ఎర్ర కుక్క సావలేదు గాని గుడ్డిదయింది. నీ పేరు చెప్తే ఇంకా తోక ఊపుతది. దానికింకా తెల్వదు.

ఇగ మూడోది. "అక్కా, పండుగ వేట అయిపోయింది గదా, ఏటి పల్లం తిరిగినవా? ముడులు ఏడేడ కట్టినవ్?" అని అడిగినవ్. నీకు ఎరుకే అయినా మళ్ల రాయిస్తున్న, మరిచినట్టున్నవ్ గన్క. వెంకటేశ్వరరావు సారు దున్నక ఇడిసిన పడావు రెండొందల ఎకరాలు, కిన్నెరసాని ఒడ్డు పొంటి. వేట ముగిసినంక మన ఇంటోళ్లు అదంతా తిరిగి దుప్పి జాడలు చూడాలె. సూడి దుప్పి నడిచిన తొవ్వ దొరికితే రెండు దిక్కుల రెల్లు ముడి కట్టాలె. ముడి ఉన్నకాడికి తండాల ఎవ్వడు పోడు, కుక్కను గూడ పోనియ్యడు. అది మన నాయిన గోప్యా పెట్టిన కట్టు. నాయిన పోయినంక నువ్వు స్టీరింగ్ పట్టినవ్, నేను జాడలు పట్టిన.

అయిదు దినాలు తిరిగి పదకొండు తొవ్వలకు కట్టిన. నువ్వడిగితే ఎంత సంబురమైందో! నాయిన పని వానికి యాదున్నదే అనుకుంట, ఆ ఒక్కదానికి అప్పుడే నా మనవరాలు భానుతోని జాగలన్నీ రాయించి పంపిన. ఇప్ప చెట్టు కాడ, జంట బండల నడుమ, పాత మోటబాయి ఎనక.

వారానికి పోయి చూస్తే ప్రతి ముడి కింద క్లచ్ వైరు ఉచ్చు. ముడి ఊడదీయలె గూడ. ముడి ఉంటే మనిషి అటు రాడు, ఎవ్వడు చూడడు. బయటోనికి రెల్లు గడ్డే గదా తమ్మీ. మన తండాల పుట్టినోనికే అది ముడి. అవి ఏడేడ ఉన్నయో నీ ఒక్కనికే రాసి పంపిన.

ఇప్ప చెట్టు కాడ సూడిది పడి ఉంది. కడుపుల కూన ఉందేమోనని చెయ్యి పెట్టి చూసిన. కదల్లె. పక్కన బురదల మనిషి జాడ. ఎడమ పాదం పక్కకు ఈడ్చే నడక. చిన్నప్పుడు బండి చక్రం కింద పడ్డ ఆ పాదానికి ఆకు పసరు కట్టింది నేనే.

రాసేటామె "గింత తిట్లు రాయాల్నా అవ్వా?" అంటంది. ఇంకా తిట్టనే లేదు, రాయమ్మా అన్న.

ఇప్పుడు నా తప్పు గూడ విను. ఫారెస్టు బీట్ ఆఫీసరమ్మ వచ్చి అడిగితే, నాకేం తెల్వదన్న. వైర్లు తెచ్చి బూడిద కుప్పల పూడ్చిన. అమ్మ పోయిననాడు నువ్వు నా చంకల ఉన్నవ్. ఆ చంకనే నాతోని అబద్ధమాడించింది. నా అబద్ధానికి జంపయ్యను పట్టుకపోయిండ్రు, పండుగ వేటల కుక్కలతోని ముందు ఉరికిండని. వాని పెండ్లాం జంపక్క వచ్చి నా గడపల కూసుంది. "బాలక్కా, జాడలు నీకు తెల్సినట్టు ఎవ్వరికి తెల్వవ్. మా ఆయన కాలు ఆడ చూసినవా?" అన్నది. ఏడ్వలె గూడ. ఒక్క ముద్ద ముట్టకుంట నా నోరు చూసుకుంట కూసుంది.

చూడలేదన్న. ఎవని కాలు చూసిన్నో గూడ చెప్పిన.

ఈ కాగితం రాసేది ఎవరో నువ్వడగవు, నేనే చెప్త. బీట్ ఆఫీసర్ సరళమ్మ. బూడిదల నుంచి నేను తీసిచ్చిన వైర్లు ఆమె ముంగటనే ఉన్నయ్. రెండు కాగితాలు రాసింది, ఒకటి నీకు, ఒకటి రేంజి ఆఫీసుకు. రెండిటి మీద నా ఏలిముద్రే.

సోమారం లోపల నీ కాళ్ల మీద నువ్వే రా. సంగతి తెల్సి తండా మొగోళ్లు కట్టెలు పట్టుకోని ఉన్నరు. బస్సు దిగే కాడ నుంచి మన ఇంటి దాక తొవ్వకు రెండు దిక్కుల రెల్లు ముడులు కట్టిన. నీ మీద ఎవ్వడు చెయ్యెయ్యడు. నా ముడి కింద ఉచ్చు ఉండదు.

ఇట్లు,
నిన్ను చంకనెత్తి పెంచిన అక్క,
బాలి (ఏలిముద్ర)