తెల్ల అంబాసిడరు లోపలి రేకుల పరీక్ష

దంతెవాడ జిల్లా, బచేలి, బజారు వెనక వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు రైల్వే ఫిట్టరు కూర్మారావు గారి భార్య వరహాలమ్మ అను నేను, వయస్సు డెబ్బై రెండు, ఒకరి బలవంతం గానీ బోధన గానీ లేకుండా నా చేతిరాతతో రాసుకున్న మరణశాసనం ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందా అని అనుమానమున్నవాళ్లు నిన్నటి ఆరాధనలో నా ప్రసంగం విన్నవాళ్లను అడగండి. ఇద్దరు ఏడ్చారు. ఒకడు మధ్యలో లేచి వెళ్లిపోయాడు. వెళ్లిపోయినవాడు నా కొడుకు.

నేను బడికి వెళ్లలేదు. బైబిలు వాక్యం చదవడానికే అక్షరాలు దిద్దుకున్నాను. వకీలు భాష ఎక్కడైనా తప్పితే దిద్దుకోండి గానీ అర్థం మార్చకండి.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదైనా ఉంటే రద్దు. "ఈ ఇల్లు నీకేరా" అని శ్యామ్‌ప్రసాద్‌తో నోటిమాటగా ఎన్నిసార్లు అన్నానో, అవన్నీ కూడా రద్దు.

2. దీన్ని అమలుపరచే బాధ్యత సంఘం కార్యదర్శి రాంబాబుకు అప్పగిస్తున్నాను. రాంబాబూ, నువ్వు నిజాయితీపరుడివి, పిరికివాడివి. రెండోది వాడుకుందామని శ్యామ్‌ప్రసాద్ చూస్తాడు. నా ప్రసంగం సాగుతుంటే నువ్వు ముంజేతి వైపు చూసుకోవడం ఇన్నేళ్లూ గమనిస్తూనే ఉన్నాను. అందుకని నా గోడగడియారం నీకు రాస్తున్నాను. ఇకమీదట తల ఎత్తి చూడు.

3. నా పేరున ఉన్న ఆస్తి రెండే: ఈ ఇల్లు, 1974 నాటి తెల్ల అంబాసిడరు. ఈ ఇంట్లో శ్యామ్‌ప్రసాద్, వాడి భార్య సుమిత్ర, ఇద్దరు పిల్లలు ఉంటున్నారు. ఇల్లు తనదేనని వాడు మేడ మీద గదికి ఇటుకలు కూడా దించుకున్నాడు. ఇల్లు ఎవరిదో కారు చెబుతుంది. ఏడో అంశంలో రాశాను.

4. విశాఖలో ఉన్న నా కూతురు శాంతిప్రియకు నా కుట్టుమిషను. అది నాకు ఉత్తరం రాయడం మానేసింది గానీ దాని కుట్టు మాత్రం వంకర పోదు. గొల్లపల్లి ఊళ్లోని జోగకు నా పెద్ద టార్పాలిన్, ఇప్పపూలు ఆరబోసుకుంటాడు. వాళ్ల వాకిట్లో కారును ఇటుకల మీదికెక్కించి నేను అడుగున దూరితే, పక్కన గొంతుక్కూర్చుని, "ఏందమ్మా, బండికి గూడ జొరమొచ్చిందా, మందు పోస్తున్నవ్?" అని నవ్వేవాడు. నవ్వుతూనే రేకుకు తగలకుండా నా తల కింద గోనెసంచి మడిచి పెట్టేవాడు. నా సొంత కొడుకు ఏనాడూ పెట్టలేదు.

5. కారు విషయం. మా ఆయన దాన్ని సర్కారీ వేలంలో కొన్నాడు. ఆయన పోయాక నేనే నడిపాను. నెత్తిన మైకు కట్టుకుని బీజాపూర్ సంతకీ గొల్లపల్లికీ వాక్యం మోసింది అదే. ఏభై ఏళ్ల బండి చావకుండా ఎందుకుందో చెబుతాను. కారు రేకు బయటినుంచి చావదు. తలుపుల అడుగున, తలుపుల కింద ముందునుంచి వెనకదాకా పెట్టెలా సాగే గుమ్మం రేకులో, వెనక చక్రాల పైమడతల్లో, కంటికి కనపడని బోలు ఉంటుంది. తుప్పు పుట్టేది అక్కడ. జలప్రళయానికి ముందు ఓడ కట్టించినప్పుడు దేవుడు బయట ఒక్కటే కీలు, అంటే తారు, పూయమన్నాడా? లోపల కూడా పూయమన్నాడు. ఆ మాట నాకు అర్థమైనంతగా మన పాస్టర్లకు అర్థం కాలేదు.

పద్ధతి ఇది. వానలకు ముందు, ఎండ ముదిరినప్పుడు, నీళ్లు పోవడానికి అడుగున ఉండే కన్నాలన్నీ పుల్లతో తెరవాలి. ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా లోపల కడగాలి. తలుపులు తెరిచి, చెమ్మ పూర్తిగా పోయేదాకా ఎండబెట్టాలి. తడి మీద మైనం కొడితే తడికి దుప్పటి కప్పినట్టే. తర్వాత మైనంనూనెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి పలచన చేసి, పొడుగు గొట్టమున్న పిచికారీని బోలు చివరిదాకా తోసి, వెనక్కి లాక్కుంటూ కొట్టాలి. అతుకుల్లోంచి మైనం చెమటలా పైకి రావాలి. చివర్లో కన్నాలు పూడిపోలేదని మళ్లీ పుల్ల పెట్టి చూడాలి. లోపలికి పోయిన నీళ్లకు బయటికి దారి ఉండాలి. మా ఆయన అనేవాడు: "వరాలూ, తలుపు మీద కాదే, తలుపు అడుగున సెయ్యెట్టి సూడు. ఏటున్నా అక్కడే ఉంతాది." చూపుడువేలితో అడుగున తడిమి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

6. మొన్న వేసవిలో కంటి ఆపరేషనుకు నేను విశాఖ వెళ్లాను. ఆ సందు చూసి శ్యామ్‌ప్రసాద్, పెళ్లి ఊరేగింపులకు కార్లు తిప్పే జగదల్‌పూర్ దుర్గేశ్‌కు దీన్ని అమ్మడానికి మాట్లాడుకున్నాడు. రంగు వేయించాడు. అతుకుల్లోంచి కారే మైనం కొత్త రంగును చెడగొడుతుందని కిరసనాయిలు పోయించి లోపలంతా కడిగించాడు. తలుపు వేసినప్పుడల్లా అడుగునుంచి మన గనుల ఇనుపరాతి ధూళి ఎగురుతోందని కన్నాలన్నీ లప్పంతో మూయించాడు. నేను వచ్చి బేరం చెడగొట్టి అడిగితే వాడు చెప్పిన జవాబు యథాతథంగా రాస్తున్నాను: "పెళ్లికూతురి చీరకి ఎర్రధూళి అంటితే ఎవడూరుకుంటాడమ్మా? బయట నిగనిగలాడుతుంటే లోపలికి ఎవడు తొంగి చూస్తాడే?"

గిన్నె బయట తోమి లోపల కుళ్లబెట్టే జాతిని వాక్యం ఏమని పిలిచిందో వాడికి చిన్నప్పుడు నేనే నేర్పాను. ఆ జాతి నా కడుపునే పుట్టింది. కన్నాలు తెరిపించమని చెప్పాను. "తెరిపించేశానమ్మా" అన్నాడు.

7. పరీక్ష. నన్ను సమాధి చేసిన తర్వాత వచ్చే ఆదివారం, ఆరాధన అయ్యాక, సంఘమంతా చూస్తుండగా కారును బయటికి తోయండి. రాంబాబు ఒక స్క్రూడ్రైవరు శ్యామ్‌ప్రసాద్ చేతికివ్వాలి. వాడే గుచ్చాలి, ఇంకెవరూ కాదు. గుమ్మం రేకులకు రెండు పక్కలా, తలుపుల అడుగున, వెనక చక్రాల మడతల్లో బొటనవేలి బలంతో గుచ్చాలి. ఎక్కడా దిగకపోతే ఇల్లూ కారూ వాడివే. నేను వాడి మీద అబద్ధమాడినట్టు రాంబాబు మైకులో చెప్పాలి. ఒక్కచోట దిగినా ఇల్లు వాడిది కాదు.

రాంబాబూ, ఇక్కడితో చదవడం ఆపు. తర్వాతి కాగితం మడిచి అతికించాను. పరీక్ష అయ్యాకే విప్పు.

8. విప్పారు కాబట్టి స్క్రూడ్రైవరు దిగింది. దిగలేదంటే వాడు ఎడమవైపు వెనక తలుపు కింద గుచ్చలేదు. గుచ్చించు.

శ్యామ్‌ప్రసాదూ, నాకు జూన్‌లోనే తెలుసు. తొలివాన వెలిశాక తలుపుల అడుగునుంచి ప్రతి ఏడూ చుక్కలు కారేవి. ఈ ఏడు కారు కింద నేల పొడిగా ఉంది. నువ్వు కారును నీడకు తోస్తుంటే గుమ్మం రేకులో నీళ్లు బిందెలో నీళ్లలా తుళ్లాయి. "ఏంట్రా ఆ చప్పుడు?" అన్నాను. "పెట్రోలు ట్యాంకమ్మా" అన్నావు. జూలైలో అడిగాను. "కళ్లు బాగుచేయించావు, ఇక చెవులు చూపించుకో" అన్నావు. ఆగస్టులో అడిగాను. "నాకు తెలీదు, నన్నడక్కు" అన్నావు. వాక్యంలోని ఆ శిష్యుడిలా మూడుసార్లూ ఎరగనన్నావు. కోడి కూయడమొకటే తక్కువ.

ఆ లప్పాన్ని నేను గోటితో గిల్లితే ఊడిపోయేది. గిల్లలేదు. గిల్లాల్సింది నువ్వు. వాన మీద వాన పడుతుంటే అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఇన్నేళ్లు కాపాడిన రేకు చచ్చిపోతుంటే చూస్తూ. చేతకాక కాదు. నీ పాపానికి సాక్ష్యం కావాలి. నోటిసాక్ష్యమైతే నువ్వు కొట్టిపారేస్తావు. దసరా వెళ్లాక కారు లోపలి తివాచీ ఎత్తి రేకును వేలితో నొక్కి చూసుకున్నాను. తడిసిన అప్పడంలా దిగింది. ఆరోజు కడుపునిండా అన్నం తిన్నాను.

9. నా కోడలు సుమిత్ర గురించి. ఈ ఊళ్లో మనుషులు, గోడలు, చెట్ల ఆకులు, ఆరేసిన బట్టలు, అన్నీ ఎర్రగానే ఉంటాయి గనుక తలుపు కింద ఎర్రచార కనబడితే అందరూ ధూళే అనుకున్నారు. ఆమె ఒక్కతే కనిపెట్టింది. "అత్తయ్యా, ధూళి అయితే పోఛా గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోవాలి కదా? ఇది తుడిచిన చోటే రోజూ లోపల్నుంచి వస్తోంది" అంది. "నోరు మూసుకుని తుడువు" అన్నాను. మర్నాడు జడలోంచి పిన్ను తీసి కన్నం పొడవబోయింది. చేతిలోంచి లాక్కున్నాను. నా పట్టుకు ఆమె వేలు చీరుకుపోయింది, రక్తం చీరకు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. మొగుడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ పిన్ను నా కళ్లజోడు పెట్టెలో ఉంది, ఆమెకు ఇచ్చేయండి. పిచికారీ, గొట్టం, మిగిలిన మైనం కూడా ఆమెకే. రేకు ఉన్న వస్తువు ఎప్పటికైనా కొనుక్కుంటుంది.

10. తెల్ల అంబాసిడరు శ్యామ్‌ప్రసాద్‌కు. అమ్మకూడదు, తూకానికి వేయకూడదు, రంగు వేయకూడదు, గుడ్డ కప్పకూడదు. ఇంటి గేటు ముందు, నువ్వు రోజూ ఒంటిని పక్కకు తిప్పుకుని దాటాల్సినట్టు నిలబెట్టాలి. రాలిపోయేదాకా.

11. బచేలి ఇల్లు సర్వహక్కులతో సుమిత్రకు. ఇది ప్రేమ కాదు, ఆమెకు నా మీద ప్రేమ ఉండనక్కర్లేదు. ఆమె తదనంతరం పిల్లలకు. శ్యామ్‌ప్రసాద్ ఆ ఇంట్లో ఉండాలంటే ఆమెను అడగాలి, సంఘం ముందు, ఇవాళే, ఇప్పుడే, స్క్రూడ్రైవరు కింద పెట్టి. ఆమె ఉండమంటే ఉండు. ఆమె స్థానంలో నేనైతే ఏమంటానో నీకు తెలుసు, కానీ ఆమె నా కడుపున పుట్టలేదు.

చదివి, సరిచూసుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

బచేలి, 2024 నవంబరు 18, సోమవారం.

(సం.) వరహాలమ్మ

సాక్షులు (మా ఎదుటే చేవ్రాలు చేశారు, లోపలి సంగతి మాకు చదివి వినిపించలేదు):
1. సుమన్, సంఘ సభ్యుడు, బచేలి
2. ఉమేష్, పొరుగింటివాడు, బచేలి