అరవని బ్రేకులు

జూన్ 2, ఆదివారం

బతికే ఉన్నాను. ముందు అది రాసుకోవాలి.

రేస్ ట్రాక్ మీద తిన్నగా సాగే స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ నేలకంటింది. మెత్తగా, దిండు మీద కాలేసినట్టు. కారు ట్రాక్ పక్కన పోసిన కంకరలోకి దూసుకెళ్లి ఆగింది. గోడ ఇంకా చాలా దూరంలో ఉందని అందరికీ చెప్పాను. అంత దూరమేమీ లేదు.

తప్పు కారుది కాదు. రోడ్డు కోసం పెట్టిన బ్రేకులు. వరసగా అన్ని రౌండ్లు కొడితే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగిపోదా మరి!

కంకరలోంచి కారు లాగడానికి మా ఆయన కూడా చెయ్యి వేశాడు. ఇంటికొచ్చాక, అమ్మేద్దాం అన్నాడు.

జూన్ 4

క్లినిక్‌లో రోజంతా పళ్లు పీకాను. ఇంటికొచ్చి టీ తాగుతూ కొత్త బ్రేకుల ధరలు వెతికాను.

జూన్ 7

ఒప్పందం కుదిరింది. బ్రేకులన్నీ మార్పిస్తాను, ఈసారి ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని నడిపే ట్రాక్ డేకి నువ్వే నా పక్క సీట్లో కూర్చుని చూడు, తేడా వస్తే తాళాలు నీ చేతిలో పెడతాను అన్నాను. సరే అన్నాడు. ఒక్కసారి బ్రేక్ మోసం చేసినా ఆ రోజే అమ్మకం అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

చీరలూ నగలూ అడగని పెళ్లాం దొరికిందని ఒకప్పుడు తెగ మురిసిపోయాడు. ఇప్పుడు అనుభవించనీ.

జూన్ 15

రోజంతా గ్యారేజీలోనే. మెకానిక్‌ని అందరూ బాబాయ్ అంటారు, నాకంటే చిన్నవాడు. పళ్లెమంత డిస్కులు, వాటిని బిగించి పట్టే కొత్త కాలిపర్లు, వాటిలో డిస్కుని రాసుకుని ఆపే ట్రాక్ ప్యాడ్లు, త్వరగా మరగని ఫ్లూయిడ్ వేశాడు. నేను పెడల్ తొక్కి పట్టుకుంటే అతను పైపుల్లో గాలి బుడగలు తీశాడు. చివరికి పెడల్ కాలి కింద రాయిలా నిలబడింది. ఏడుపొచ్చినంత పనైంది.

ఒకటే చిక్కు. ఈ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. వాటి గుణమే అంత. నాకేం, రోజంతా డ్రిల్ చప్పుడులో బతికేదాన్ని.

జూన్ 16, పొద్దున

ఖాళీ రోడ్డు మీద బెడ్డింగ్ చేశాను. వేగంగా వెళ్లడం, గట్టిగా తొక్కడం, పూర్తిగా ఆగకుండా మళ్లీ వెళ్లడం. ప్యాడ్ పొర డిస్కుకి పట్టేదాకా అదే పని. చివర్లో ఒక్కసారి తొక్కితే బెల్టు ఛాతీని కోసినంత పని చేసింది. ఇదీ బ్రేకంటే.

ఇంటి ముందు కిర్రుమంటే వీధంతా తిరిగి చూసింది.

జూన్ 19

మేడమీదావిడ వచ్చి గొడవ చేసిందట. నా బ్రేకుల చప్పుడుకి వాళ్ల చంటిపిల్ల ఉలిక్కిపడి లేస్తోందట, ఆడదానికి ఇదేం కారు పిచ్చి అని కూడా అందట. నేను క్లినిక్‌లో ఉన్నాను. మాటలు పడింది మామయ్య. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. పనమ్మాయి చెప్పబట్టి తెలిసింది. ఒళ్లు మండిపోయింది.

మామయ్య బతుకంతా కుట్టుమిషన్లు బాగుచేశారు. ఇంట్లో ఏది కిర్రుమన్నా పొడుగు ముక్కు నూనె డబ్బాతో ప్రత్యక్షమవుతారు. గేటు, ఫ్యాను, బీరువా. ఇప్పుడు ఆయనకు మిగిలిన పని అదొక్కటే. మొన్న పాలు పెట్టి మర్చిపోయి గిన్నె మాడ్చినందుకు మా ఆయన తండ్రిని స్టవ్ దగ్గరికి రానివ్వడం లేదు. ఇంకొక్క పొరపాటు జరిగితే దేన్నీ ముట్టుకోనివ్వనని అంటున్నాడు. పెద్దాయన్ని అలా అంటుంటే నాకు మింగుడుపడదు.

జూన్ 25

ట్రాక్ టైర్లు వేయించేశాను. వాటిని రోడ్డు మీద అరగదీయడం ఎందుకని కారు కదిలించడం లేదు. ట్రాక్ దాకా లారీ మీద వెళ్తుంది.

మా ఆయన హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి చూసుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

జూన్ 29, శనివారం

లారీవాళ్లు కారుని తాడుతో లాగి ఎక్కించుకుపోయారు.

అంతకుముందు మామయ్య కారు తుడుస్తూ కనిపించారు. భలే హుషారుగా ఉన్నారు. ఇక నిన్నెవరూ ఒక్క మాట అనరులే అమ్మా అన్నారు. మేడమీదావిడతో రాజీ చేసుకున్నారేమో.

జూన్ 30, ఆదివారం, ఉదయం 9

ట్రాక్ పార్కింగ్‌లో కూర్చుని రాస్తున్నాను.

లారీ మీంచి కారు దించుతూ బ్రేక్ తొక్కాను. ఆగింది. ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తట్టలేదు. మా ఆయన పక్కన బెల్టు బిగించుకున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. పన్ను పీకే ముందు మత్తిస్తావుగా, ఇక్కడ అదేం లేదా అన్నాడు. ఇద్దరం నవ్వాం.

ట్రాక్ ఎక్కే కార్ల లైన్లో కదిలాం. ముందు కారు ఆగింది. తొక్కాను. పెడల్ రాయిలాగే ఉంది. కారు మాత్రం జారుకుంటూ పోయి ముందు బంపర్‌కి జానెడు దూరంలో ఆగింది. అప్పుడు తట్టింది. అరవలేదు. చల్లటి ప్యాడ్లు అరవలేదు.

ఇంకోసారి తొక్కేసరికి సన్నగా పొగ, దాంతోపాటు వాసన. కుట్టుమిషన్ నూనె. మామయ్య చొక్కా వాసన. చక్రం కమ్మీల మధ్య నుంచి ఆ నూనె డబ్బా పొడుగు ముక్కు ఎంత సులువుగా దూరుతుందో నా కళ్లకు కట్టింది.

జెండా పట్టుకున్నతను రమ్మంటున్నాడు. వేడెక్కితే నూనె కాలిపోతుందేమో, ఒక రౌండ్ మెల్లగా కొడితే ఎవరికీ తెలియదేమో అనిపించింది. నిజంగానే అనిపించింది, సిగ్గేస్తోంది. పక్కకి చూశాను. మా ఆయన డోర్ పిడి పట్టుకుని, నా మీద నమ్మకంతో, నేరుగా ముందుకి చూస్తున్నాడు.

స్టీరింగ్ తిప్పి లైన్లోంచి బయటికి తీసేశాను.

ఏమైంది అన్నాడు. బ్రేకు పట్టలేదంటే కారు ఎలాగూ పోతుంది. ఎందుకని అడిగితే మామయ్య పేరు చెప్పాలి, ఇక ఆయన్ని దేన్నీ ముట్టుకోనివ్వడు. భయమేసింది, నడపలేను అన్నాను. అది అబద్ధమేమీ కాదు. చెయ్యి చాపాడు. తాళాలు ఇచ్చేశాను.

సాయంత్రం 6

మామయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. చిన్నది ఎలా పరిగెత్తిందమ్మా అని అడిగారు. కారుని ఆయన చిన్నదనే అంటారు. బాగా పరిగెత్తింది మామయ్యా అన్నాను.

జూలై 3

కొనేవాళ్లు చూడ్డానికి వస్తారని రోడ్డు టైర్లు వేయడానికి బాబాయ్ ఇంటికొచ్చాడు. నేను అతని నోరు మూయించే లోపే చక్రం విప్పి గట్టిగా అరిచేశాడు. ప్యాడ్లు నూనె తాగేశాయట, వీటితో ట్రాక్ ఎక్కి ఉంటే ఇద్దరూ గోడకి అతుక్కుపోయేవారట, ఏ తెలివితక్కువవాడు చేశాడు అని.

వరండాలో మామయ్య పేపర్ చదువుతున్నారు. పేపర్ కిందికి దిగలేదు. చాలాసేపు పేజీ కూడా తిరగలేదు.

జూలై 4

భోజనాల దగ్గర మామయ్య కొడుక్కి అంతా చెప్పేశారు. మేడమీదావిడ నన్ను మాట అంటే భరించలేక, బ్రేకులు అరవకుండా నాలుగు చుక్కల నూనె వేశారట. చేతులారా ఇద్దరినీ చంపుకునేవాణ్ణిరా అన్నారు. పెద్దాయన అలా ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన తండ్రిని పల్లెత్తు మాట అనలేదు. నా వైపు తిరిగి, లైన్లో ఉన్నప్పుడే నీకు తెలుసా అని అడిగాడు. ఊఁ అన్నాను. తాళాలు తెచ్చి నా కంచం పక్కన పెట్టి లేచిపోయాడు.

జూలై 11

బాబాయ్ డిస్కులు కడిగి కొత్త ప్యాడ్లు వేశాడు. బెడ్డింగ్ చేశాను. సంతోషంగా లేదు.

గేటు కిర్రుమంటోంది. ఫ్యాను కిర్రుమంటోంది. మామయ్య గదిలోంచి బయటికి రావడం లేదు. పిలిస్తే వస్తున్నానమ్మా అంటారు, రారు.

జూలై 13

నూనె డబ్బా చెత్తబుట్టలో దొరికింది. తుడిచి మామయ్య మంచం పక్కన పెట్టాను. గేటు చెవులు తినేస్తోంది మామయ్యా అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

జూలై 14, ఆదివారం

కారు బయటికి తీద్దామని తెరిస్తే గేటు అరవలేదు. కారు అరిచింది. మామయ్య నూనె డబ్బా కింద పెట్టి, రెండు చెవులూ మూసుకుని గేటు పక్కన నిలబడ్డారు.