మనోలిస్ నోట చుట్టరికం

రెతిమో కోట, క్రీటు దీవి
1462 అక్టోబరు, సెయింట్ లూకా పండగ మర్నాడు

వెనిస్‌లో ఉన్న మా పెద్దక్క బెరూజాకు చెల్లెలు ఓర్సా నమస్కరించి రాసేది. ఇక్కడ మేము క్షేమం. నిన్నటిదాకా ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ నిజంగా రాస్తున్నాను.

మీ మరిదిగారు ఈ ఊరి పాలకుడి పదవి దిగిపోయారు. పోయిన వారం చర్చిలో కొత్త రెక్టరు చేతిలో అధికారదండం పెట్టేశారు. కందియాలో కూర్చున్నవాడు డ్యూకు, నెగ్రొపొంతెలో బైలో, కొరోన్‌లో కోటపాలకుడు, మీ ఆయన మాత్రం ఉత్త రెక్టరా అని ఎగతాళి చేసేదానివి కదా. పేరేదైనా తలనొప్పి ఒకటేనే అక్కా. ఊరందరికీ తీర్పు చెప్పాలి, ఊళ్ళో ఎవరికీ చుట్టం కాకూడదు. కానుక పుచ్చుకోకూడదు. ఇక్కడివాళ్ళ బిడ్డకు జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా అసలే నిలబడకూడదు. నిలబడ్డాడని తేలితే వెనిస్ మళ్ళీ ఏ పదవీ ఇవ్వదు. మా సంగతి నీకు తెలుసు, ఆ జీతం లేకపోతే మాకు పొయ్యి వెలగదు.

దండం దించాక విచారణ. వెనిస్ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు కూర్చుని, రెక్టరు మీద ఎవరికేం ఫిర్యాదున్నా చెప్పమంటారు. ఎవడో పుణ్యాత్ముడు వెళ్ళి, పడవ మనోలిస్ కొడుక్కి ఈయనే జ్ఞానతండ్రి అని చెప్పాడు. మనోలిస్ ఈయన్ని నలుగురిలో 'కుంబారే' అంటున్నాడట. బిడ్డకు జ్ఞానస్నానం చేయించిన చుట్టాన్ని ఇక్కడి గ్రీకులు పిలిచే పిలుపది. నాకు ఒళ్ళు మండింది. ఏ ఇంటా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి మీద ఇంత అభాండమా. ఈయనేమో రొట్టె ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. "చెయ్యని పనికి ఇంత దిగులేమిటండీ" అని కసిరాను.

ఇవాళ మనోలిస్‌ను పిలిపించారు. నేను పై వసారాలో నిలబడి విన్నాను. రెక్టరుగారిని కుంబారే అంటావా అని అడిగితే, "ఎవర్ననను దొరా? చేపలమ్మేవాణ్ణి అంటాను, సుంకంవాణ్ణి అంటాను, మొండికేస్తే మా గాడిదనీ అంటాను. సాయంత్రం మీరూ రండి కుంబారే, కాస్త ద్రాక్షసారా పోస్తాను" అన్నాడు. విచారణకు కూర్చున్న ఇద్దరిలో చిన్నాయన పకపకా నవ్వేశాడు. పెద్దాయన దగ్గుతున్నట్టు నటించి, ఫిర్యాదు కొట్టేశాడు. నేను ఆ వసారాలోనే ఏడ్చేశాను. సంతోషంతోనేలే.

ఇప్పుడు ఈయన చేపల పులుసు రెండోసారి వడ్డించుకుంటున్నారు. ఎల్లుండి ఓడెక్కుతాం. నీకు గొర్రెపాల జున్ను తెస్తున్నాను. అడుగులు నేర్వకముందే పోయిన మా బాబు పోలో సమాధి దగ్గర ఇన్నాళ్ళూ నువ్వే కొవ్వొత్తి వెలిగించావు. ఇక ఆ పని నాది.

ఇట్లు,
గుండె మీది బండ దించుకుని ఇంటికొస్తున్న
నీ ఓర్సా

తా.క. మోదోన్ రేవులో మా ఓడ ఆగింది, మాకంటే ముందు వెనిస్ చేరే ఓడకు ఈ ఉత్తరం ఇస్తూ ఇది కలుపుతున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యి. ఆ ఫిర్యాదు నిజమేనక్కా. నడిసముద్రంలోకి వచ్చాక ఈయనే చెప్పారు. పోయినేడు ద్రాక్ష కోతలప్పుడు ఏదో తగువు తీర్చడానికి రేవుకు వెళ్తే, అక్కడే మనోలిస్ భార్య ప్రసవించిందట. బిడ్డ నీలం తిరిగిపోయాడు, పాదిరి కొండ అవతల ఉన్నాడు. ప్రాణం పోయేలోగా ఈయనే నెత్తిన నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చారు. పేరు చెప్పమంటే నోటికి ఒక్కటే వచ్చిందట, పోలో అని. మనోలిస్ ఈయన్ని తప్ప ఇంకెవర్నీ ఎన్నడూ కుంబారే అన్లేదట. తిట్టాలో ఏడవాలో తెలియక చాలాసేపు ఈయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లాడు ఇప్పుడు పడవ అంచు పట్టుకుని నడుస్తున్నాడట.